గంజు అడుగు చూపించని మనిషి

ఆయన పోయిన సంగతి నాకు జనగామ బస్టాండులో, మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం మీద తెలిసింది. పాత పేపరు, జిల్లా పేజీ. పై సగంలో ఆయన ముఖం ఉంది. నూనె పీల్చుకోవడంతో వెనక పేజీలోని విత్తనాల ప్రకటన ఆయన నుదుటి మీదికి తేలివచ్చింది. కింద పెద్ద అక్షరాలతో "ఆకలి ఎరిగిన అన్నదాత" అని శీర్షిక. డెస్కులో కూర్చున్న ఏ కుర్ర ఉపసంపాదకుడో పెట్టి ఉంటాడు. అతని తప్పేం లేదు. పోయినవాళ్ల కోసం పత్రికాఫీసుల్లో కొన్ని మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, ఉద్యోగమంతా నేనూ అవే వాడాను. కానీ ఈ శీర్షికలోని ఒక మాట దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఆయనకి మిర్చి గురించి తెలుసు, మార్కెట్ యార్డులో ఏ బస్తా అడుగున తడిసిందో తెలుసు, ఏ సభలో ఎవరి పక్కన నిలబడాలో బాగా తెలుసు. ఆకలి గురించి మాత్రం తెలియదు. మధ్యాహ్నం అన్నం షెడ్డుకి వచ్చేముందు ఇంట్లో పెరుగన్నం తిని, నోరు పుక్కిలించి, వక్కపలుకు నములుతూ వచ్చేవాడు. ఆ షెడ్డులో ఆయన ఒక్క ముద్ద తినడం నేను ఎన్నడూ చూడలేదు.

షెడ్డు మహబూబాబాద్‌లో, సర్కారు దవాఖానకు పక్కనే ఉండేది. లోపల మంచం మీద ఉన్న రోగికి భోజనం దవాఖానే పెడుతుంది. రోగికి తోడు వచ్చిన మనిషి పొట్ట సంగతి ఆ మనిషే చూసుకోవాలి. గూడూరు అడవి అంచు పల్లెల నుంచి, మరిపెడ వైపు తండాల నుంచి జనం ఉన్నపళంగా రోగిని ఆటోలో వేసుకుని వస్తారు. సద్ది కట్టుకునే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ తోడు మనుషులకి మధ్యాహ్నం ఒక పూట అన్నం పెట్టాలన్నది షెడ్డు ఉద్దేశం. మంచి ఉద్దేశమే. బజారులోని వ్యాపారులంతా కలిసి మొదలుపెట్టారు. కొన్నాళ్లకి మిగతావాళ్లు తమ దుకాణాల పనుల్లో పడిపోయారు, ఈయన మిగిలాడు. మిగిలినవాడే స్థాపకుడయ్యాడు.

నేను పేపరు ఉద్యోగం వదిలాక, వారంలో కొన్ని రోజులు అక్కడ పప్పుచారు గరిటె పట్టేవాణ్ణి. భూపాలపల్లిలో విలేకరిగా ఉన్న రోజుల్లో, చెల్పూర్ దగ్గర, జనగామలో ఇలాంటి దాతల్ని చాలామందిని చూశాను. కొందరు పెట్టి మరిచిపోతారు. ఈయన పెట్టకముందే గుర్తుచేసేవాడు. అయినా ఎందుకు వెళ్లేవాణ్ణంటే, వరుసలో ముందున్నవాళ్లకి నిజంగా అన్నం దొరికేది. అది చిన్న విషయం కాదు.

ఆయన పొట్టి మనిషి. అన్నం గంజు వెనక ఎప్పుడూ ఒక ఇటుక ఉండేది. కెమెరా పైకి లేవగానే చెప్పు విప్పకుండానే దాని మీదికి ఎక్కేవాడు, అయిపోగానే దిగేవాడు. చొక్కా జేబులో రెండు రుమాళ్లు ఉండేవి. ఒకటి ముఖానికి. రెండోది, ఎవరైనా కృతజ్ఞతతో చెయ్యి పట్టుకుంటే ఆ తర్వాత తుడుచుకోవడానికి. రెండూ తెల్లవే, ఎప్పుడూ తారుమారు కాలేదు.

భాషలు కూడా రెండుండేవి. హైదరాబాదు నుంచి కాలేజీ పిల్లలు సేవ చేయడానికి వచ్చినప్పుడు "రండమ్మా, విచ్చేయండి, మీలాంటి యువత వల్లే దేశం నిలబడింది" అని సినిమాల్లో జమీందారు మాట్లాడినట్టు మాట్లాడేవాడు. అదే ఊపిరితో వరుస వైపు తిరిగి "ఏయ్, ఎనక్కి జరుగున్రి, మీదెక్కుతరా ఏంది" అనేవాడు. రెండు మాటలకీ మధ్య కంటి రెప్ప కూడా పడేది కాదు. తిని లేచినవాళ్లని ఒక్కొక్కరినీ ఆపి "కడుపు నిండిందా?" అని అడిగేవాడు. తల ఊపితే ఒప్పుకునేవాడు కాదు. "నోటితోటి చెప్పు" అనేవాడు. లోపల మనిషి ఏ స్థితిలో ఉన్నాడో తెలియక ముద్ద దిగీ దిగకుండా తిన్నవాళ్లు కూడా, నిండింది సేటు అని పైకి చెప్పి పోవాలి.

ఇవన్నీ సహించవచ్చు. సహించలేనిది గంజు సంగతి.

గంజు అంటే పెళ్లిళ్లలో అన్నం వండే పెద్ద పాత్ర. అన్నం గంజు అడుగు బయటికి కనబడకూడదన్నది ఆయన నియమం. ఆ వైపు ఇళ్లలో బియ్యం కుండని పూర్తిగా ఊడ్చేయరు, అడుగున ఒక పిడికెడు ఉంచుతారు. అది ఇల్లాళ్ల అలవాటు, ఎవరికీ నష్టం లేదు. ఈయన ఆ పిడికెడుని తెచ్చి అన్నం గంజుకి తగిలించాడు. పిడికెడు పెరిగి పెరిగి పాతిక మందికి సరిపడా అయింది. వరుస ఇంకా ఉండగానే, గరిటె లోతుకి వెళ్తోందని అనిపించగానే మూత పెట్టించేవాడు. "అయిపోయింది, రేపు రాండ్రి" అనేవాడు. తోక భాగాన నిలబడ్డవాళ్లు ఖాళీ పళ్లేలు అక్కడే పెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఆ తర్వాత మూత తీయించి, అన్నం ఉన్న గంజు పక్కన ఇటుకెక్కి ఫోటో దిగేవాడు.

ఒకసారి నేను అడిగాను, ఉన్నదంతా పెట్టేస్తే ఏమవుతుందని. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు పేపరోనివి, నీకు నేను చెప్పాల్నా? గంజు ఖాళీ అయితే ఏం రాస్తరు? సాలలేదని రాస్తరు. మిగిలితే ఏం రాస్తరు? తృప్తిగ తిన్నంక మిగిలిందని రాస్తరు."

ఆ మాటలో అబద్ధం లేదు. మా పేపర్లు అలాగే రాసేవి.

ఇంకో రోజు, వాన పడుతుంటే జనం రాక ఇద్దరం ఖాళీగా కూర్చున్నప్పుడు, తనంతట తానే ఒక సంగతి చెప్పాడు. చిన్నప్పుడు వాళ్లక్క పెళ్లిలో వియ్యాలవారి బంతికి అన్నం తక్కువైందట. గరిటె గంజు అడుగుకి తగిలి గీరుకున్న చప్పుడుకి పందిట్లో వాళ్లంతా నవ్వారట. వాళ్ల బాపు ఆ తర్వాత ఆ వియ్యాలవారి ఊరు మొహం చూడలేదట. చెబుతున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది కానీ చేతిలోది ఏ రుమాలో చూసుకోకుండానే ముఖం తుడుచుకున్నాడు. నాకు జాలి కలిగింది. మర్నాడు అదే మనిషి, కడుపుతో ఉన్న కూతురిని వార్డులో వదిలి వచ్చిన ఒక తల్లి ముందు మూత పెట్టించినప్పుడు ఆ జాలి పోయింది. ఎప్పటి నవ్వుకో భయపడి రోజూ పాతిక మందిని పస్తు పంపడం, బాధ అనిపించుకోదు.

తోకలో ఎవరుండేవాళ్లో కూడా చెప్పాలి. ఆపరేషను వార్డులో డాక్టరు చూసి వెళ్లేదాకా తోడు మనుషులు కదలరు. ఏ మందు చెబుతారో, ఏం తేవాలంటారో వినాలి కదా. అందుకని ఆ వార్డువాళ్లు ఎప్పుడూ ఆఖరున వచ్చేవాళ్లు, ఎప్పుడూ వాళ్లకే అన్నం అందేది కాదు. అందరికన్నా బరువైన రోగం ఎవరింట ఉందో, ఆ ఇంటివాళ్లకే ఈయన మూత.

పోయినేడు ఎండాకాలం మొదట్లో ఒక కాలేజీ నుంచి ఇరవై మంది దాకా పిల్లలు వారం రోజుల సేవా శిబిరానికి వచ్చారు. ఒకే రంగు బనియన్లు, తలకి టోపీలు, చేతులకి తొడుగులు. నేను వాళ్లతో కలిసి వడ్డించాను. చెడ్డపిల్లలు కారు. చెడ్డవాళ్లయితే కనీసం ఒక పని గట్టిగా చేసి ఉండేవాళ్లు. ఆహారం వృథా చేయకూడదని ఎవరో వాళ్లకి నేర్పి పంపారు. అందుకని ఒక గరిటె వేసి "ఇంకా కావాలా అండీ?" అని అడిగేవాళ్లు. ఇక్కడ అన్నం దగ్గర అలా అడిగితే ఎవరూ కావాలనరు. సాలు బిడ్డా, అంటారు. అన్నా సరే ఇంకో గరిటె వేయాలి. వద్దు వద్దంటూ చెయ్యి అడ్డం పెడతారు, ఆ చేతి పక్క నుంచి మళ్లీ వేయాలి. ఇది ఏ ఇంట్లోనైనా జరిగేదే. ఈ పిల్లలు సాలు అనగానే గరిటె వెనక్కి తీసుకున్నారు. సగం కడుపుతో లేచిన జనాన్ని సేటు గుమ్మంలో ఆపి, నిండిందా అని అడిగాడు. నిండింది సేటు, అన్నారు. నేను పిల్లలకి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మర్నాడు మళ్లీ అడిగారు.

ఆ రోజే గూడూరు దగ్గర తండా నుంచి వచ్చిన ఒక అవ్వ మూత పడేసరికి గంజు ముందు ఉంది. కోడలికి కడుపు కోసి బిడ్డని తీశారు, ఆ వార్డు నుంచి రావడం. వెనక ఇంకొందరు ఉన్నారు. సేటు అయిపోయిందన్నాడు. అవ్వ కదల్లేదు.

"అయిపోతే మూత మీద ఈగెలెందుకు వాలుతున్నయి సేటు?"

వరుస నవ్వింది. సేటూ నవ్వాడు. తనకి గుచ్చుకున్న మాటకి ముందుగా నవ్వేయడం ఆయనకి అలవాటు.

"రేపు జర జల్ది రా అవ్వా."

"గా మాట డాక్టరుకు చెప్పు, జల్ది రమ్మని."

కళ్లద్దాల అమ్మాయి ఒకతె మూత మీద చెయ్యి వేసింది. తీస్తుందనే అనుకున్నాను. సేటు ఆమెతో మెత్తగా, అమ్మా, ఇది మా ప్రాంతపు సంప్రదాయం, గంజు ఖాళీ కావడం అశుభం అన్నాడు. ఆ అమ్మాయి శిబిరం నాయకుడి వైపు చూసింది. మెడలో విజిల్ వేసుకున్న ఆ కుర్రాడు, మనం వాళ్ల సంస్కృతిని గౌరవించాలి అన్నాడు. చెయ్యి మూత మీది నుంచి జారింది. సాయంత్రం వాళ్లలో ఒకడు ఆ గంజు పక్కన కూర్చుని, అన్నం ఎన్నటికీ తరగని ఓ అద్భుతమైన ఆచారం గురించి మాట్లాడుతూ సెల్‌ఫోనులో వీడియో తీసి పెట్టాడు. చాలామంది చూశారట.

మిగిలిన అన్నం ఎక్కడికి పోయేదంటే, బర్లకి, అంటే గేదెలకి. పాలు పోసే ఒకాయన మోపెడ్ మీద రెండు డ్రమ్ములతో వచ్చి, షెడ్డు వెనక గోడ దగ్గర వంటవాళ్ల నుంచి తీసుకుపోయేవాడు. ఆ రోజు అవ్వ చుట్టూ తిరిగి ఆ గోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. నేను ఖాళీ బకెట్లు కడుగుతున్నాను. డ్రమ్ములో పోయకముందే తన డబ్బాలో ఇంత వేయమని ఆమె అడిగింది. అడగడంలో బతిమాలడం ఏమీ లేదు, బావి దగ్గర చేద అడిగినట్టు అడిగింది. పాలాయన గంజునే ఆమె ముందు పెట్టాడు.

"కావల్సినంత తీస్కో అవ్వా. గింత బువ్వ తింటే బర్ల కడుపులు ఉబ్బుతున్నయి. సగం నేనే పారబోస్తున్న."

అవ్వ డబ్బా నింపుకుని, వార్డువాళ్లని పిలుచుకు వచ్చింది. మర్నాడు ఆ వార్డువాళ్లు షెడ్డు ముందుకి రానేలేదు, నేరుగా వెనక గోడ దగ్గర కూర్చున్నారు. ఆ మర్నాడు పిల్లల వార్డువాళ్లు తోడయ్యారు. అక్కడ కొంచెం ఆలస్యమైనా నోటితో జవాబు చెప్పాల్సిన పని లేదు, సాలన్నా వేస్తారు, ఆఖరి మనిషికి కూడా దొరుకుతుంది. ముందు వరుస పలచబడుతున్న కొద్దీ గంజులో అన్నం ఎక్కువ మిగిలింది. అది చూసి సేటు మురిసిపోయాడు. ఈ పిల్లల చెయ్యి మంచిదని, జనం ఇంతకింత తృప్తి పడుతున్నారని నాతోనే అన్నాడు. నేను ఆయన సంతోషం చెడగొట్టలేదు.

శిబిరం ఆఖరి రోజున కాలేజీ పెద్దలు చూడటానికి వస్తారన్నారు. షెడ్డుకి తోరణాలు కట్టారు, లడ్డూలు చేయించారు. పెద్దలు ఆలస్యం చేశారు. ముందున్న కొద్దిమంది తిని వార్డులకి వెళ్లిపోయారు. దాదాపు నిండుగా ఉన్న గంజు మీద మూత పెట్టించి, పెద్దలు వచ్చేదాకా కదపొద్దని సేటు వంటవాళ్లకి చెప్పాడు. కార్లు ఊరి పొలిమేరకి వచ్చాయని ఫోను వచ్చింది. అప్పుడు చూసుకుంటే ఎదురుగా టోపీలు పెట్టుకుని గరిటెలు పట్టుకున్న ఇరవై మంది పిల్లలు ఉన్నారు, తినడానికి ఒక్కరు లేరు.

జనమంతా వెనక గోడ దగ్గర ఉన్నారని వంటామె చెప్పింది. ఆయన ముఖం తుడుచుకునే రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని తానే వెళ్లాడు. నేనూ వెళ్లాను. ముప్పై మంది దాకా గోడ నీడలో డబ్బాలు ఒళ్లో పెట్టుకుని పాలాయన కోసం చూస్తున్నారు. పాలాయన గంజు కోసం చూస్తున్నాడు. సేటు చూపు ఆ డబ్బాల మీద ఒక్కొక్కటిగా నడిచింది. తర్వాత ఆయన నోటి నుంచి నేనెప్పుడూ వినని మాటలు వచ్చాయి. జర ముంగటికి రాండ్రి, పెద్దోళ్లు వస్తున్నరు, నా ఇజ్జత్ కాపాడున్రి అన్నాడు. లడ్డూలు కూడా ఉన్నాయన్నాడు.

అవ్వ కూర్చున్న చోటి నుంచే అడిగింది.

"ఆఖరోనికి దాక పెడ్తవా?"

ఒక్క మాట. పెడ్త అంటే చాలు, లేచి వచ్చేవాళ్లు. వాళ్ల కడుపులు కాలుతున్నాయి. అవ్వ కోడలికి ఆ రోజు ఇంటికి పొమ్మని చీటీ రాసిచ్చారు, మూడింటి గూడూరు బస్సు తప్పితే మళ్లీ పొద్దుగూకాకే. ఆ లోపల తినాలి. సేటు నోరు తెరిచాడు. గంజు అడుగు, ఆ అడుగుని చూసే పెద్దలు, గరిటె గీరుకునే చప్పుడు, అన్నీ ఆయన కళ్లలో తిరగడం నాకు కనిపించింది.

"సూద్దాం తియ్యి" అన్నాడు.

ఎవరూ లేవలేదు. ఆయన వెనక్కి తిరిగాడు.

తర్వాత జరిగింది నా వృత్తిలో చూసిన సిగ్గుమాలిన పనుల్లో పై వరుసలోనిది. సేటు పిల్లల్లో సగం మందిని పక్కకి పిలిచి, టోపీలు తీయించి, వంటవాళ్ల తువ్వాలలు, తన తమ్ముడి దుకాణం నుంచి తెప్పించిన దుప్పట్లు కప్పించాడు. కొంచెం వంగి నిలబడమన్నాడు. మిగతా సగం మంది వీళ్లకి వడ్డించాలి. ఇదేమిటని ఎవరూ అనలేదు. విజిల్ కుర్రాడు దీనికో పేరు కూడా పెట్టాడు, పేదవాళ్ల స్థానంలో నిలబడి అనుభూతి చెందడమట. కళ్లద్దాల అమ్మాయి తల వంచుకుని గరిటె పట్టుకుంది. పెద్దలు వచ్చి, వెనక నుంచి ఆ తువ్వాలల వరుసని చూసి చలించిపోయారు. సేటు ఇటుకెక్కాడు.

అప్పుడే అవ్వ గంజు ఎందుకు రాలేదో చూడటానికి షెడ్డు మూల నుంచి వచ్చింది. చేతిలో ఖాళీ డబ్బా ఉంది. వరుసలో మొదట నిలబడ్డ కుర్రాడి పళ్లెంలో అన్నం, పప్పుచారు, లడ్డూ ఉన్నాయి. నల్లటి తువ్వాల కింద వాడి ముఖం ఎండకి కందిపోయి, నిజంగానే దిగులుగా కనిపించింది. అవ్వ వాడి ముందు ఆగింది.

"మీవోళ్లెవరున్నరు బిడ్డా దవాఖానల?"

వాడు బదులు చెప్పలేదు. చెప్పడానికి లేదు. పెద్దలు చూస్తున్నారు. అవ్వ ఆ మౌనాన్ని మా దగ్గర అందరూ అర్థం చేసుకునేలాగే అర్థం చేసుకుంది. ఆమె చెయ్యి వాడి తువ్వాల మీదికి వెళ్లింది.

"ఏం కాదు బిడ్డా, మంచిగైతది. నువ్వైతే తిను. తినకుంటె ఎట్ల చేస్తవు?"

వాడు సేటు వైపు చూశాడు. సేటు ఇటుక మీది నుంచి తల ఊపాడు. వాడు తిన్నాడు.

ఉపన్యాసాలయ్యి, పెద్దల కార్లు కదిలి, గంజు వెనక గోడ దగ్గరికి చేరేసరికి మూడు దాటింది. గూడూరు బస్సు వెళ్లిపోయింది. అవ్వ ఖాళీ డబ్బాతోనే, కోడలిని, బిడ్డని తీసుకుని అందులో వెళ్లింది.